మూడు అంతర్జాతీయ విమానాశ్రయాలున్నా నేపాల్‌కు ఖాట్మండే ఎందుకు దిక్కయింది?

నేపాల్‌లో ఇప్పుడు అంతర్జాతీయ విమానాశ్రయాలు మూడు. లుంబినికి దగ్గరలోని భైరహవాలో గౌతమ బుద్ధ విమానాశ్రయం 2022 మే 16న, బుద్ధ పూర్ణిమ నాడు ప్రారంభమైంది. పోఖరాలో కట్టిన కొత్త విమానాశ్రయం 2023 జనవరి 1న మొదలైంది. రెండింటికీ పొడవైన రన్‌వేలు, కొత్త టెర్మినళ్లు ఉన్నాయి; రెండూ అప్పు తెచ్చి కట్టినవే. అయినా దేశం దాటి వెళ్లేవారు, దేశంలోకి వచ్చేవారు దాదాపు అందరూ నేటికీ ఖాట్మండులోని త్రిభువన్ విమానాశ్రయం మీదుగానే రాకపోకలు సాగిస్తున్నారు. ఒకే రన్‌వే ఉన్న ఆ విమానాశ్రయం ఇరుకుదనానికీ ఆలస్యాలకూ పేరుమోసింది. ఏటా 40 లక్షలకు పైగా అంతర్జాతీయ ప్రయాణికులు అక్కడ దిగుతూ ఎక్కుతూ ఉంటే, భైరహవా, పోఖరా టెర్మినళ్లలోని అంతర్జాతీయ విభాగాలు చాలా రోజులు తాళం వేసి ఉంటున్నాయి.

దీనికి ప్రచారంలో ఉన్న సమాధానాలు మూడు. భారతదేశం గగనతల మార్గాలు ఇవ్వడం లేదని నేపాలీ రాజకీయ నాయకులు అంటారు. చైనా అప్పుతో అవసరం లేని కట్టడాలు కట్టారని మరికొందరు అంటారు. నేపాల్ పౌర విమానయాన సంస్థకు చేతకాలేదని ఖాట్మండు పత్రికలు రాస్తాయి. మూడింటిలోనూ నిజం ఉంది కానీ ఏ ఒక్కటీ పూర్తి సమాధానం కాదు. రన్‌వే వేసినంత మాత్రాన విమానాశ్రయం నడవదు. విమానం వచ్చే దారి, అందులో పోసే ఇంధనం, అందులో ఎక్కే మనిషి చేతిలోని కాగితాలు, ఆ విమానాన్ని నడిపే కంపెనీకి మిగిలే లాభం, ఇవన్నీ ఒకచోట కలిసినప్పుడే అది నడుస్తుంది. డెబ్భై ఏళ్లకు పైగా నేపాల్‌లో ఇవన్నీ ఖాట్మండులోనే కలుస్తూ వచ్చాయి. అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే మొదట ఆ విమానాశ్రయం పుట్టుక చూడాలి.

ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేవరకు నేపాల్ రాణా వంశపు ప్రధానమంత్రుల పాలనలో ఉండేది. రాజు పేరుకే రాజు. విదేశీయులకు ప్రవేశం దాదాపు నిషిద్ధం. మైదాన ప్రాంతం నుంచి ఖాట్మండు లోయకు మోటారు రోడ్డు లేదు. రాణాల కోసం తెప్పించిన కార్లను విడదీయకుండానే వెదురు బొంగులకు కట్టి, పదుల సంఖ్యలో కూలీలు కొండలు ఎక్కించి, దింపి మోసుకొచ్చేవారు. అలాంటి లోయలో, నగరానికి తూర్పున, పశుపతినాథ ఆలయానికి అవతల, గౌచర్ అనే పశువుల మేత మైదానం ఉండేది. 1949 ఏప్రిల్ 23న అప్పటి భారత రాయబారి సర్దార్ సుర్జీత్ సింగ్ మజీఠియా ప్రయాణించిన బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా అనే చిన్న విమానం ఆ గడ్డి మైదానంలో దిగింది. నేపాల్ విమానయాన చరిత్ర అక్కడ మొదలైందని చెబుతారు.

ఏడాదిన్నర తిరగకుండానే ఆ మైదానం రాజకీయాల్లోకి వచ్చింది. 1950 నవంబర్‌లో రాజు త్రిభువన్ రాణాల నిఘా తప్పించుకుని కుటుంబంతో సహా ఖాట్మండులోని భారత రాయబార కార్యాలయంలో ఆశ్రయం పొందాడు. కొద్ది రోజులకు భారత ప్రభుత్వం పంపిన విమానంలో గౌచర్ నుంచే ఢిల్లీకి వెళ్లాడు. దేశంలో తిరుగుబాటు, ఢిల్లీలో చర్చలు, ఆపైన ఒప్పందం. 1951 ఫిబ్రవరిలో ఆయన తిరిగొచ్చి దిగింది కూడా అదే మైదానంలో. నూట నాలుగేళ్ల రాణా పాలన ముగిసింది. లోయను భారత సరిహద్దుతో కలిపే మొదటి మోటారు రోడ్డు, భారత సహాయంతో కట్టిన త్రిభువన్ రాజపథ్, పూర్తయింది 1956లో. అంటే నేపాల్ రాజధానికి రోడ్డు కంటే ముందు విమానం వచ్చింది. ఈ క్రమం చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ తర్వాతి కథకంతా ఇదే మూలం. సరిహద్దు పట్టణాల నుంచి వాణిజ్యం మెల్లగా పైకి పాకి రాజధానిని చేరడం కాకుండా, బయటి ప్రపంచం నేరుగా రాజధానిలో దిగింది. రాయబార కార్యాలయాలు, విదేశీ సహాయ సంస్థలు, పర్యాటక సంస్థలు, హోటళ్లు అన్నీ ఆ రన్‌వే చుట్టుపక్కలే స్థిరపడ్డాయి.

1955లో రాజు మహేంద్ర దివంగతుడైన తండ్రి పేరును విమానాశ్రయానికి పెట్టాడు. 1957లో గడ్డి రన్‌వే కాంక్రీటుగా మారింది. 1964లో పేరులో అంతర్జాతీయ అన్న మాట చేరింది. 1967లో రన్‌వేను 6,600 అడుగులకు పొడిగించాక లుఫ్తాన్సా వారి బోయింగ్ 707 జెట్ అక్కడ దిగింది. 1975లో పొడవు 10,000 అడుగులైంది. 1990లో రాజు బీరేంద్ర ప్రారంభించిన అంతర్జాతీయ టెర్మినల్ భవనమే మార్పులు చేర్పులతో ఇప్పటికీ నడుస్తోంది. ఈలోగా నగరం నాలుగు వైపులా ముంచుకొచ్చింది. ఒక పక్క పశుపతి ఆలయ ప్రాంగణం, దాని అడవి, బాగమతి నది. మిగిలిన పక్కల రింగు రోడ్డు, ఇళ్లు. రెండో రన్‌వే వేయడానికి చోటు లేదు.

చోటు కంటే కఠినమైన సమస్య కొండలు. ఖాట్మండు విమానాశ్రయం సముద్ర మట్టానికి 1,338 మీటర్ల ఎత్తులో ఉంది. లోయ చుట్టూ అంతకు వెయ్యి, పదిహేను వందల మీటర్లు పైకి లేచే కొండలు. దక్షిణ అంచున ఫుల్చోకి శిఖరం. పెద్ద విమానాశ్రయాల్లో రేడియో కిరణాల ఆధారంగా విమానాన్ని సున్నితమైన వాలులో నేరుగా రన్‌వే మీదికి నడిపించే ఐఎల్‌ఎస్ వ్యవస్థ ఉంటుంది. ఇక్కడ అది లేదు, ఎందుకంటే అంత సున్నితమైన వాలులో వస్తే మధ్యలో కొండ అడ్డం వస్తుంది. కాబట్టి దక్షిణం నుంచి వచ్చే విమానం కొండల మీదుగా ఎత్తులోనే వచ్చి, ఆ తర్వాత మామూలు కంటే బాగా నిటారుగా దిగాలి. 1990లలో ఆ దిగే పద్ధతి మెట్లు దిగినట్టుగా ఉండేది. విమానాశ్రయంలోని రేడియో కేంద్రం నుంచి ఇన్ని మైళ్ల దూరంలో ఇంత ఎత్తు, మరికొన్ని మైళ్లు దగ్గరయ్యాక ఇంకొంచెం తక్కువ ఎత్తు, ఇలా పటంలో రాసిన అంకెలను పైలట్ ఒక్కొక్కటిగా పాటిస్తూ రావాలి.

ఆ పద్ధతి ఎంత ప్రమాదకరమో 1992లో రెండు నెలల వ్యవధిలో రెండుసార్లు బయటపడింది. జూలై 31న బ్యాంకాక్ నుంచి వచ్చిన థాయ్ ఎయిర్‌వేస్ ఎయిర్‌బస్ ఎ310 దిగే ప్రయత్నంలో దిగేటప్పుడు రెక్కల వెనక అంచున తెరుచుకునే ఫ్లాప్‌లకు సంబంధించిన చిన్న సాంకేతిక సమస్య ఎదురైంది. దాన్ని సరిచూసుకుంటూ, కంట్రోల్ టవర్‌తో అస్పష్టమైన సంభాషణలు సాగిస్తూ, సిబ్బంది తాము ఏ దిక్కుకు పోతున్నదీ గమనించలేకపోయారు. దక్షిణానికి తిరిగి వెళ్లవలసిన విమానం ఉత్తరానికి పోయి లాంగ్‌టాంగ్ ప్రాంతపు కొండను ఢీకొంది. 113 మందిలో ఎవరూ మిగలలేదు. టవర్‌లోని వారికి ఆ విమానం ఎక్కడుందో చూసే సాధనం లేదు, ఎందుకంటే ఖాట్మండులో అప్పటికి రాడార్ లేదు. సెప్టెంబర్ 28న కరాచీ నుంచి వచ్చిన పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ300 మెట్ల క్రమంలో ఒక మెట్టు ముందుగా దిగడం మొదలుపెట్టింది. ఒక దూరం దగ్గర ఉండవలసిన ఎత్తుకు దాని కంటే ముందున్న దూరం దగ్గరే చేరుకుంటూ, ప్రతి అంకె సరిగానే పాటిస్తున్నామనుకుంటూ, మబ్బుల్లో కొండను తాకింది. 167 మంది చనిపోయారు. ఇది ఒకే ఒక్క సిబ్బంది పరాకు అని వదిలేయడానికి లేదు. ఇన్ని అంకెల మీద ఆధారపడ్డ పద్ధతిలో ఒక వరుస తప్పితే పట్టుకోవడానికి రెండో కన్ను లేకపోవడమే అసలు లోపం. ఆ తర్వాత జపాన్ సహాయంతో రాడార్ వచ్చింది. ఉపగ్రహ మార్గదర్శనంతో వంపు తిరుగుతూ దిగే కొత్త పద్ధతులు 2010ల నుంచి వాడుకలోకి వచ్చాయి. అయినా శీతాకాలపు ఉదయాల పొగమంచుకు, వర్షాకాలపు మబ్బులకు పూర్తి విరుగుడు దొరకలేదు. 2018 మార్చి 12న యూఎస్-బంగ్లా విమానం దిగుతూ కూలి 51 మంది, 2024 జూలై 24న సౌర్య ఎయిర్‌లైన్స్ విమానం పైకి లేస్తూనే కూలి 18 మంది చనిపోయారు. అయితే ఈ రెండింటికీ కొండలు కారణం కాదు. అన్ని ప్రమాదాలనూ ఒకే గాటన కట్టి ఖాట్మండు భౌగోళిక పరిస్థితి మీదికి నెట్టడం నేపాల్ అధికారులకు కొంత అలవాటైంది.

రద్దీ విషయానికి వస్తే, జనం ఎక్కువ కావడం కంటే రన్‌వే వాడకం తీరే అసలు సమస్య. ఒకే రన్‌వేతో రోజుకు వందల విమానాలు నడిపే విమానాశ్రయాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఖాట్మండుకు అది చేతకాకపోవడానికి కారణాలు వేరు. మొదటిది, రన్‌వే పొడవునా సమాంతర టాక్సీవే, అంటే విమానాలు నేల మీద నడిచి వెళ్లే పక్కదారి, చాలాకాలం లేకపోవడం. దిగిన విమానం వెంటనే పక్కకు తప్పుకోలేదు. రన్‌వే మీదే వెనక్కి తిరిగి కొంత దూరం నడిచి బయటపడాలి. అంతసేపూ వెనక వచ్చేది గాలిలో చక్కర్లు కొట్టాలి. రెండోది, పెద్ద విమానాలు దక్షిణం నుంచి వచ్చి దిగుతాయి; ఉత్తరాన కొండలుండటం వల్ల చాలాసార్లు దక్షిణం వైపుకే లేస్తాయి. అంటే వచ్చేదీ పోయేదీ ఎదురెదురుగా. ఒకదానికి దారి ఇచ్చాకే రెండోది కదలాలి. మూడోది, మూడు వందల మంది పట్టే ఎయిర్‌బస్ ఎ330 వెనకాలే పదిహేను, ఇరవై మంది పట్టే ట్విన్ ఆటర్ రావడం. పెద్ద విమానం వదిలే గాలి సుడిలో చిన్నది చిక్కకుండా ఎడం పాటించాలి. వేగాల్లో తేడా మరో చిక్కు. దేశంలో రోడ్లు కొండచరియల దయ మీద ఆధారపడ్డవి కాబట్టి ఆ చిన్న విమానాలను వద్దనడానికీ వీలు లేదు. చివరికి ఎవరెస్ట్ దారిలోని లుక్లాకు వెళ్లే విమానాలను పర్యాటక సీజన్‌లో ఖాట్మండు నుంచి తీసేసి, రామెఛాప్ జిల్లాలోని మంథలీ అనే చిన్న ఎయిర్‌స్ట్రిప్‌కు మార్చారు. ఎవరెస్ట్ చూడాలని వచ్చినవారు ఇప్పుడు ఖాట్మండులో అర్ధరాత్రి దాటాక జీపు ఎక్కి, నాలుగైదు గంటలు మలుపుల రోడ్డు మీద పడి, తెల్లవారే సరికి మంథలీ చేరి అక్కడ విమానం ఎక్కుతున్నారు.

ఒకే రన్‌వే మీద దేశం మొత్తం ఆధారపడితే ఏమవుతుందో 2015 చూపించింది. ఆ ఏడాది మార్చి 4న దట్టమైన మంచులో దిగిన టర్కిష్ ఎయిర్‌లైన్స్ ఎ330 రన్‌వే తప్పి పక్కనున్న గడ్డిలో ముక్కు ఆనించి ఆగింది. ప్రయాణికులందరూ బతికి బయటపడ్డారు. కానీ విమానం తోక రన్‌వేకు అడ్డంగా నిలిచింది. దాన్ని లాగే పరికరాలు నేపాల్‌లో లేవు. భారత వైమానిక దళ విమానంలో తెప్పించారు. నాలుగు రోజులపాటు దేశానికి అంతర్జాతీయ విమానం లేదు. ఏడు వారాలకు, ఏప్రిల్ 25న, మహా భూకంపం వచ్చింది. రన్‌వే నిలిచింది కాబట్టి సహాయ విమానాలు దిగగలిగాయి, కానీ వాటిని నిలపడానికి చోటు చాలలేదు; ఢిల్లీ, కోల్‌కతాల నుంచి బయల్దేరిన కొన్ని విమానాలు దిగలేక తిరిగి వెళ్లాయి. మే 3న రన్‌వే దెబ్బతింటోందని భారీ విమానాలను నిషేధించారు. అదే ఏడాది చివర్లో కొత్త రాజ్యాంగంపై దక్షిణ మైదానాల్లోని మధేసీ ప్రజల నిరసనల మధ్య సరిహద్దు రవాణా స్తంభించినప్పుడు విమాన ఇంధనం కరువైంది. నేపాల్‌కు సముద్రం లేదు, చమురు లేదు. విమానంలో పోసే ప్రతి లీటరూ భారతదేశం నుంచి ట్యాంకర్లలో కొండలెక్కి వస్తుంది. విదేశీ విమానాలు తిరుగు ప్రయాణానికి సరిపడా ఇంధనం తామే తెచ్చుకోవలసి వచ్చింది. ఇంధనం ఎక్కువ మోస్తే ప్రయాణికులను, సరుకును తగ్గించుకోవాలి. ఎత్తైన చోట పలచని గాలిలో పైకి లేవడానికి అసలే బరువు పరిమితులున్న విమానాశ్రయం అది. అంటే విమానాశ్రయం భూపరివేష్టిత దేశానికి స్వేచ్ఛనిస్తుందన్న మాట సగమే నిజం.

ఇంతకూ ఎవరు వెళ్తున్నారు ఈ విమానాల్లో? ఎవరెస్ట్ పోస్టర్లు చూసేవారికి పర్యాటకులే గుర్తొస్తారు. కానీ బయల్దేరే టెర్మినల్‌లో పొడవైన వరుస కూలీలది. 1996 నుంచి 2006 వరకు సాగిన మావోయిస్టు యుద్ధ కాలంలో మొదలై ఆ తర్వాత మరింత పెరిగిన వలస నేపాల్ ఆర్థిక వ్యవస్థకు ఇప్పుడు వెన్నెముక. ఖతార్, సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, మలేషియాల నుంచి, ఇతర దేశాల నుంచి వచ్చే డబ్బు దేశ స్థూల ఉత్పత్తిలో దాదాపు నాలుగో వంతు. పాస్‌పోర్టు, వీసా ఉన్నా వారికి సరిపోదు. ప్రభుత్వం ఇచ్చే శ్రమ అనుమతి పత్రం కూడా ఉండాలి, దాన్ని విమానాశ్రయంలోని లేబర్ డెస్క్ తనిఖీ చేస్తుంది. మెడలో బంతిపూల దండ, నుదుట ఎర్రటి అక్షతల టీకా, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్. గేటు దగ్గరికి వచ్చి నిలబడే కుటుంబం. రాకపోకల టెర్మినల్‌కు దగ్గర్లోనే శవపేటికలు కూడా దిగుతాయి. ఎండలో పని, గుండెపోటు, రోడ్డు ప్రమాదం, ఆత్మహత్య, లేదా కారణం తెలియని మరణం. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాలకు, శంషాబాద్‌లో అలాంటి పెట్టెల కోసం ఎదురుచూసినవారికి, ఈ దృశ్యాన్ని వివరించవలసిన పని లేదు. ఒకే క్యాంపుల్లో, ఒకే కఫీల్ (వీసాకు పూచీ ఉండే గల్ఫ్ యజమాని) కింద ఇరుప్రాంతాల వారూ పనిచేస్తున్నారు.

వలసకు, విమానాశ్రయానికి ఉన్న ఈ ముడిలోనే భైరహవా వైఫల్యానికి ఒక కారణం ఉంది. భైరహవా ఉన్న లుంబిని ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారు లక్షల్లో ఉన్నారు, కాబట్టి అక్కడి నుంచి దోహాకు, కువైట్‌కు నేరుగా విమానం వేస్తే నిండిపోవాలి. లెక్క సరిగానే ఉంది. కానీ మనుషులను పంపే మ్యాన్‌పవర్ కంపెనీలు, వైద్య పరీక్ష కేంద్రాలు, వీసాలు వేసే రాయబార కార్యాలయాలు ఎక్కువగా ఖాట్మండులో ఉన్నాయి. కాగితాల కోసం రాజధానికి వచ్చి, వారాల తరబడి లాడ్జీలో ఉన్నవాడు, విమానం ఎక్కడానికి మళ్లీ ఊరి దగ్గరికి ఎందుకు పోతాడు? పైగా విమాన కంపెనీకి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ సీట్లు నిండాలి, విమానం పొట్టలో సరుకు కూడా కావాలి. పర్యాటకుడు, సహాయ సంస్థ ఉద్యోగి, పష్మీనా శాలువాలు, తివాచీలు, అన్నీ ఖాట్మండులోనే ఉన్నాయి. భైరహవాలో మొదటి అంతర్జాతీయ విమానం నడిపిన కువైట్ సంస్థ జజీరా ఎయిర్‌వేస్ సహా వచ్చినవారు కుదురుగా నిలవకపోవడానికి ఇదొక కారణం.

రెండో కారణం ఆకాశంలో గీసిన దారులు. విమానం ఎటుపడితే అటు సరిహద్దు దాటదు. రెండు దేశాలు ఒప్పుకున్న ప్రవేశ బిందువుల దగ్గరే దాటుతుంది. నేపాల్‌కు మూడు వైపులా భారత గగనతలం. పెద్ద జెట్లు ఎత్తులో ఎగురుతూ లోపలికి వచ్చే ప్రధాన ప్రవేశం ఖాట్మండుకు దక్షిణాన సిమరా దగ్గర ఉంది. గల్ఫ్ నుంచి, అంటే పడమటి దిక్కు నుంచి, వచ్చే విమానం భైరహవాకు పోవాలంటే ముందు తూర్పుకు పోయి సిమరాలో ప్రవేశించి, మళ్లీ పడమటికి తిరిగి రావాలి. దాంతో ఇంధనం, సమయం, డబ్బు అన్నీ ఎక్కువ ఖర్చవుతాయి. పడమటి వైపు మహేంద్రనగర్, నేపాల్‌గంజ్, భైరహవాల దగ్గర ఎత్తైన ప్రవేశ మార్గాలు ఇవ్వమని నేపాల్ ఏళ్లుగా అడుగుతోంది. సరిహద్దుకు ఇవతల గోరఖ్‌పూర్‌లో భారత వైమానిక దళ స్థావరం ఉంది. భారత్ తొందరపడటం లేదు. భైరహవా విమానాశ్రయం ప్రారంభమైన రోజునే భారత ప్రధాని నరేంద్ర మోదీ లుంబిని వచ్చారు. కుశీనగర్ నుంచి హెలికాప్టర్‌లో నేరుగా లుంబినిలో దిగారు తప్ప, ఆ కొత్త రన్‌వే మీద దిగలేదు. నేపాలీ పత్రికలు దానికి చాలా అర్థాలు చెప్పుకున్నాయి.

భారత్ వైపు భద్రతా భయానికి పాత చరిత్ర కూడా ఉంది. 1999 డిసెంబర్ 24న ఖాట్మండు నుంచి ఢిల్లీకి బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ 814ను సాయుధులు హైజాక్ చేసి అమృత్‌సర్, లాహోర్, దుబాయ్‌ల మీదుగా కాందహార్‌కు తీసుకెళ్లారు. ఆయుధాలు ఖాట్మండు తనిఖీ దాటి విమానంలోకి వచ్చాయి. ఆ తర్వాత నెలల తరబడి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఖాట్మండుకు రాలేదు. తిరిగి వచ్చాక విమానం మెట్ల దగ్గర అదనపు తనిఖీ పెట్టింది. భారత్, నేపాల్ మధ్య వీసా లేని సరిహద్దు కావడంతో, ఖాట్మండు విమానాశ్రయాన్ని ఢిల్లీ తన భద్రతలో భాగంగానే చూస్తూ వచ్చింది. ఈ చూపులో పెద్దన్న ధోరణి ఉందని నేపాలీలు అనడం అన్యాయమేమీ కాదు. అలాగని గగనతల అనుమతి ఒక్కటి రాగానే భైరహవా కిటకిటలాడుతుందనుకోవడం కూడా అమాయకత్వమే.

పోఖరా సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. చైనా ఎగ్జిమ్ బ్యాంకు రుణంతో, చైనా కంపెనీ చేత, దాదాపు 21.6 కోట్ల డాలర్ల ఒప్పందంతో కట్టారు. అది తమ బెల్ట్ అండ్ రోడ్ పథకంలో భాగమని చైనా రాయబార కార్యాలయం ప్రకటించింది. కాదని నేపాల్ అంది. ప్రారంభమైన రెండు వారాలకే, జనవరి 15న, అక్కడ దిగబోతున్న యతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ విమానం కూలి అందులోని 72 మందీ చనిపోయారు. క్రమబద్ధంగా నడిచే అంతర్జాతీయ విమానాలు ఆ తర్వాత కూడా పెద్దగా రాలేదు. ఖాట్మండు నుంచి విమానంలో అరగంట దూరంలో ఉన్న పట్టణానికి విడిగా అంతర్జాతీయ విమానం నడపడంలో కంపెనీలకు లాభం కనిపించలేదు. రుణాన్ని గ్రాంటుగా మార్చమని నేపాల్ చైనాను అడిగింది. వ్యయంలో అవకతవకలపై పార్లమెంటు ఉపసంఘం నివేదిక ఇచ్చింది. రెండు కొత్త విమానాశ్రయాల అప్పుల భారం చివరికి పడేది త్రిభువన్ మీదే, ఎందుకంటే పౌర విమానయాన సంస్థ ఆదాయంలో సింహభాగం అక్కడి నుంచే వస్తుంది.

ఆ సంస్థ గురించి ఒక మాట. 1998 చివర్లో ఏర్పడిన నేపాల్ పౌర విమానయాన ప్రాధికార సంస్థ విమానాశ్రయాలను నడుపుతుంది, వాటి భద్రతను తనిఖీ చేసేదీ అదే. తన పనికి తానే మార్కులు వేసుకునే ఈ ఏర్పాటు మీద యూరోపియన్ యూనియన్‌కు మొదటి నుంచీ అభ్యంతరం. 2013 డిసెంబర్‌లో నేపాల్‌లో నమోదైన విమాన సంస్థలన్నిటినీ తన గగనతలం నుంచి నిషేధించింది. 2017లో ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నేపాల్ మీద తన తీవ్ర భద్రతా ఆక్షేపణను ఉపసంహరించుకున్నా యూరప్ దిగిరాలేదు. ప్రభుత్వ సంస్థ నేపాల్ ఎయిర్‌లైన్స్ 2018లో రెండు ఎ330లు కొన్నది. దూర ప్రయాణాలకు కొన్న ఆ విమానాలకు యూరప్ దారి మూసే ఉంది, కొనుగోలు మీద అవినీతి కేసు నడిచింది. సొంత విమాన సంస్థ బలంగా ఉండి ఉంటే భైరహవాకో పోఖరాకో నష్టానికైనా కొన్నాళ్లు నడిపి మార్కెట్టు తయారు చేసేది. విదేశీ కంపెనీలకు ఆ అవసరం లేదు. అన్నట్టు, 2007లో ఇదే సంస్థ తన బోయింగ్ 757కు పదేపదే మరమ్మతులు వస్తుంటే త్రిభువన్ విమానాశ్రయంలోనే, విమానం ఎదుట, ఆకాశ భైరవుడికి రెండు మేకలను బలి ఇచ్చింది. ప్రపంచమంతా నవ్వింది. కొత్త బండి కొంటే నిమ్మకాయలు తొక్కించే మనం మరీ అంతగా నవ్వనక్కర్లేదు.

తెలుగువారికి ఈ విమానాశ్రయంతో పరిచయం ఎక్కువగా పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రల వల్ల. ముక్తినాథ్ వైష్ణవుల 108 దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రం. రైలులో గోరఖ్‌పూర్ దాకా పోయి సునౌలీ సరిహద్దు దాటేవారు ఒకప్పుడు ఎక్కువ. ఇప్పుడు ఢిల్లీ మీదుగా ఖాట్మండుకు ఎగిరేవారు పెరిగారు. విమానంలో వెళ్లేవారికి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, 15 నుంచి 65 ఏళ్ల మధ్య వయసువారికి ఆధార్ చెల్లదు. 2025 సెప్టెంబర్ 8, 9 తేదీల్లో యువత ఉద్యమం ఖాట్మండును కుదిపేసి ప్రభుత్వం పడిపోయినప్పుడు త్రిభువన్ విమానాశ్రయం మూతపడింది. ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల యాత్రికులు ఖాట్మండు హోటళ్లలోను, ముక్తినాథ్, మానససరోవర దారుల్లోను చిక్కుకుపోయారు. విమానాశ్రయం తెరిచాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానంలో చాలామందిని విశాఖపట్నం, తిరుపతి చేర్చింది. భైరహవా అంతర్జాతీయ విమానాశ్రయం మామూలుగా నడుస్తూ ఉంటే, ముక్తినాథ్ దిగివచ్చినవారికి ఖాట్మండు మంటల్లోకి పోవలసిన అవసరమే ఉండేది కాదు.

వీటన్నిటికీ మించిన ప్రత్యామ్నాయంగా మూడు దశాబ్దాలుగా చెబుతూ వస్తున్నది నిజ్‌గఢ్. తరాయి మైదానంలో, బారా జిల్లాలో, సిమరాకు దగ్గరగా, ఖాట్మండుకు వేగవంతమైన రహదారి వేస్తే రాజధానికే రెండో విమానాశ్రయంగా పనికొచ్చే చోటు. కొండలు లేవు, పెద్ద విమానాలకు ఇబ్బంది లేదు, ఇప్పుడున్న ప్రవేశ మార్గమే సరిపోతుంది. సాంకేతికంగా చూస్తే భైరహవా, పోఖరాల కంటే దీనికే అర్థం ఎక్కువ. కానీ ప్రతిపాదించిన దాదాపు 8,000 హెక్టార్ల విస్తీర్ణంలో చాలాభాగం దట్టమైన సాల అడవి. 24 లక్షల చెట్లు పోతాయని పర్యావరణ నివేదికే చెప్పింది. 2022 మే 26న నేపాల్ సుప్రీంకోర్టు ఆ ప్రణాళికను కొట్టివేస్తూ, ఇతర స్థలాలను, తక్కువ నష్టాన్ని పరిశీలించమంది. ప్రపంచంలో అత్యంత రద్దీగా ఉండే చాలా విమానాశ్రయాలకు కూడా అక్కర్లేనంత భూమి ఎందుకు అడిగారన్న ప్రశ్నకు ప్రభుత్వాలు ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేదు. విస్తీర్ణాన్ని తగ్గించి మళ్లీ ముందుకు తెస్తామని ప్రతి కొత్త మంత్రీ ప్రకటిస్తున్నాడు.

ఈలోగా పని జరుగుతున్నది పాత చోటే. సమాంతర టాక్సీవేను పొడిగించడానికి 2024 నవంబర్ నుంచి కొన్ని నెలలపాటు త్రిభువన్‌ను రాత్రి పూట, రోజుకు దాదాపు పది గంటలు మూసివేశారు. ఆ వ్యవధిలో ఖాట్మండులో చోటు దొరకని కంపెనీలకు రుసుముల్లో రాయితీలు ఇచ్చి భైరహవాకు రమ్మని ప్రభుత్వం పిలిచింది. పౌర విమానయాన సంస్థను నియంత్రణ సంస్థగా, నిర్వహణ సంస్థగా రెండుగా విడదీసే బిల్లులు పలుమార్లు పార్లమెంటు గడప తొక్కి, సభ రద్దు కావడంతోనో గడువు తీరడంతోనో వెనక్కి పోయాయి. యూరప్ నిషేధం తొలగడానికి, సొంత విమానాలు దూరం ఎగరడానికి, ఆ తర్వాతే కొత్త రన్‌వేలకు పని దొరకడానికి ముందుగా దాటవలసిన అడ్డంకి అదే. దానికి భారత్ అనుమతీ చైనా రుణమూ అక్కర్లేదు. ఖాట్మండులో ఒక ఓటింగు చాలు.